పాటకూ వయసు రావాలి

అమెరికన్ గాయకుడు, పాటల రచయిత పాల్ సైమన్ ‘సెవెన్ సామ్స్’ (ఏడు కీర్తనలు) ఆల్బం విడుదలైన 2023 మే నాటికి ఆయనకు 81 ఏళ్లు. ఏడు పాటలు, 33 నిమిషాలు, మధ్యలో ఎక్కడా ఆగవు. మొత్తాన్ని ఒకే ట్రాకుగా ఇచ్చాడు కాబట్టి నచ్చిన పాటకు దూకుదామంటే కుదరదు, మొదట్నించి కూచోవాల్సిందే. చాలావరకు ఒక గిటారు, ఒక గొంతు, అక్కడక్కడా గంటలు, కాస్త బృందగానం. గొంతు సన్నబడిపోయింది. పై స్థాయి అందుకోదు. కొన్ని చోట్ల పాడటం మానేసి మనతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఒంగోల్లో నాకంటే బాగా చిన్నవాడైన మిత్రుడికి కారులో ఇది పెట్టి వినిపిస్తే ఊరు దాటకముందే, “ఏందన్నా ఈ ముసలాయన గొణుగుడు? బాలు పాటలు పెట్టరాదా?” అన్నాడు.

వాడికి నచ్చకపోవడంలో వింతేమీ లేదు. ఒక ముసలివాడు తన వయసులోనే నిలబడి, తను రాసుకున్న మాటలే పాడుతుంటే వినడం తెలుగు చెవికి అలవాటు తప్పి చాలా కాలమైంది. ఆ అలవాటు తప్పడం వల్ల మనకు జరిగిన నష్టం చిన్నదేమీ కాదని నా వాదన. అదేమిటో చెప్పాలంటే మావాడు అడిగిన బాలు దగ్గరికే ముందు పోవాలి.

మా నెల్లూరు, ప్రకాశం వాళ్లకు బాలు ఇంటి మనిషి. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఉన్న సొంతింటిని వేదపాఠశాల కోసం 2020 ఫిబ్రవరిలో కంచి పీఠానికి ఇచ్చేసి, అదే ఏడాది సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. ఆయన మీద ఇక్కడ ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే టీ కొట్టు దగ్గరే గొడవైపోతుంది, ఆ గొడవలో నేనూ ఉంటాను. అయినా ఆయన వేల పాటల్లో నాకు దొరకనిది ఒకటుంది. ఆయన వయసు. 1989లో సల్మాన్ ఖాన్‌కు పాడేనాటికి బాలుకు 43, తెర మీద కుర్రాడికి పాతికేళ్లు నిండలేదు. ఎవరికీ తేడా తెలియలేదు. తెలియనివ్వకపోవడమే ఆ విద్య. అక్కినేనికి పాడితే అక్కినేనిలా, అల్లు రామలింగయ్యకు పాడితే అల్లు రామలింగయ్యలా వినిపించగలిగిన గొంతు అది. పెద్దవాడైన బాలు మనకు దొరికింది ‘పాడుతా తీయగా’లో. అది కూడా ఆయన పాటలో కాదు, పిల్లలు పాడి ముగించాక ఆయన చెప్పే మాటల్లో. ఫలానా పదం ఎందుకు అలా పలకాలో, రాసినాయన ఆ పదం ఎందుకు పెట్టాడో చెబుతూ ఎక్కడో తన చిన్ననాటికి వెళ్లిపోయేవారు చూడండి, అక్కడ వినిపించేది ఆయన అసలు వయసు.

ఆయన తండ్రి సాంబమూర్తి గారు హరికథకులు. హరికథలో కథ, పద్యం, పాట, పిట్టకథ, ముందు వరసలో నిద్రపోతున్న పెద్దమనిషి మీద చురక, అన్నీ ఒకే నోటి నుంచి రావాలి. ఆ మనిషికి అరవై వస్తే కథకూ అరవై వస్తుంది. గొంతు బొంగురుపోతే బొంగురు గొంతుతోనే ద్రౌపది ఏడుస్తుంది. దాన్ని దాచుకోవాల్సిన పని హరికథకు లేదు. తండ్రి విద్య తనలా తనే నిలబడటం, కొడుకు విద్య ఇంకొకరిలో కలిసిపోవడం. రెండో విద్యను తెలుగుదేశం మొత్తం నెత్తిన పెట్టుకుంది, సంతోషం. మొదటిదాన్ని గుడి ఉత్సవాలకు కూడా పిలవడం మానేశాం.

సినిమా పాట పుట్టే తీరే అలాంటిది. రాసేది ఒకరు, బాణీ కట్టేది ఒకరు, పాడేది ఒకరు, పెదాలు కదిపేది మరొకరు. ఈ నలుగురిలో పాటకు ఎవరి వయసు వస్తుంది? ఆఖరివాడిది. ఆయనకు ఎప్పుడూ పాతికేళ్లే, నిజంగా అరవై దాటినా సరే. కాబట్టి ప్రేమించడం, ఎడబాటు, కోపం, మహా అయితే తల్లి మీద ఒక పాట, చెల్లెలి పెళ్లికి ఒక పాట. మోకాళ్ల నొప్పి, పిల్లలు దూరమవడం, చేసిన తప్పులకు ఇప్పుడు క్షమాపణ అడగాలంటే అవతలి మనిషే లేకపోవడం, మందుబిళ్లల మధ్య వచ్చే చావు భయం, ఇవన్నీ మన కథల్లో ఉన్నాయి, పద్యాల్లో ఉన్నాయి. పాటలో లేవు. ఉన్నా ముసలి పాత్ర నటించే నటుడి కోసం ఎవరో నలభై ఏళ్ల కవి ఊహించి రాసినవి.

సైమన్ సంగతికి వస్తాను. ఈయన పేరు నాకు తెలిసింది కావలిలో చదువుకునే రోజుల్లో, హాస్టల్లో చేతులు మారి మారి అరిగిన ‘గ్రేస్‌ల్యాండ్’ క్యాసెట్ ద్వారా. ఇంగ్లీషు మాటలు సగం కూడా అర్థం కాలేదు. ఆ బేసు గిటారు మాత్రం అర్థమైంది. 1941 అక్టోబరులో న్యూజెర్సీలో పుట్టి న్యూయార్క్ క్వీన్స్‌లో పెరిగిన మనిషి. బడి స్నేహితుడు ఆర్ట్ గార్ఫంకెల్‌తో కలిసి 1957లోనే, పదహారేళ్ల వయసులో, టామ్ అండ్ జెర్రీ అనే పేరుతో ఒక చిన్న హిట్ కొట్టాడు. 1964లో సొంత పేర్లతో వేసిన మొదటి ఆల్బం అమ్ముడుపోలేదు. ఇద్దరూ విడిపోయారు, సైమన్ ఇంగ్లండ్ వెళ్లిపోయి క్లబ్బుల్లో పాడుకుంటున్నాడు. అమెరికాలో నిర్మాత టామ్ విల్సన్ వీళ్లకు చెప్పకుండానే ఆ ఆల్బంలోని ‘సౌండ్ ఆఫ్ సైలెన్స్’ పాట మీద ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్స్ ఎక్కించి 1965లో మళ్లీ వదిలాడు. 1966 జనవరికి అది అమెరికాలో నంబర్ వన్. జంట మళ్లీ కలిసింది. ఒంటరి కవి అని మనం చెప్పుకునే ఆయనకు మొదటి పెద్ద గెలుపు తను ఊళ్లో లేనప్పుడు, తన ప్రమేయం లేకుండా వచ్చింది.

1970 నాటి ‘బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్’ కథ మన సినిమావాళ్లకు బాగా అర్థమవుతుంది. రాసింది సైమన్, బాణీ కట్టింది సైమన్. పాడాల్సింది మాత్రం గార్ఫంకెల్ అని తనే పట్టుబట్టాడు. వేదిక మీద గార్ఫంకెల్ అది పాడి ముగించగానే హాలు లేచి నిలబడేది. పక్కన నిలబడి ఆ చప్పట్లు వినే సైమన్‌కు, ఆ పాట నాది కదా అని లోపల గుచ్చుకునేదని తర్వాత ఇంటర్వ్యూల్లో దాచుకోకుండానే చెప్పాడు. మన దగ్గర రాసిన ప్రతివాడికీ ఇది రోజూ ఉండేదే, కాకపోతే మనవాళ్లకు వేదిక పక్కన నిలబడే భాగ్యం కూడా తక్కువ. ఆ ఏడాదే జంట విడిపోయింది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2018 వీడ్కోలు యాత్రలో ఆ పాటను సైమన్ తనే పాడాడు, గార్ఫంకెల్ ఎక్కిన ఎత్తులకు పోకుండా, తన గొంతుకు అందిన చోటే. పోల్చి వింటే గార్ఫంకెల్‌దే గొప్ప గానం. నేను మళ్లీ మళ్లీ పెట్టుకునేది మాత్రం రెండోది. నీ వెనకే ఉంటాను అని ఇరవై ఎనిమిదేళ్ల గొంతు అంటే అది మాట ఇవ్వడం, డెబ్బై ఆరేళ్ల గొంతు అంటే అది లెక్క చెప్పడం.

విడిపోయాక సోలో బతుకు మొదలైంది. 1972 ఆల్బం కోసం జమైకా పోయి రెగె పాట చేశాడు. 1975 నాటి ‘స్టిల్ క్రేజీ ఆఫ్టర్ ఆల్ దీజ్ ఇయర్స్’కు ఏటి మేటి ఆల్బంగా గ్రామీ వచ్చింది. 1983లో ‘హార్ట్స్ అండ్ బోన్స్’ బోర్లా పడింది. 1998లో బ్రాడ్‌వేలో పెట్టిన సంగీత నాటకం 68 ప్రదర్శనలతో మూతపడింది. ఈ ఓటముల గురించి ఎక్కువ చెప్పను, ఆయన అభిమానులు వాటి మీద పెద్ద పెద్ద తగాదాలు పెట్టుకున్నారు, నాకు ఓపిక లేదు.

‘గ్రేస్‌ల్యాండ్’ దగ్గర మాత్రం ఆగాలి. ఎందుకంటే అక్కడ నా వాదనకే ఒక అడ్డం ఉంది. 1985లో సైమన్ దక్షిణాఫ్రికాలోని జొహాన్నెస్‌బర్గ్ పోయి అక్కడి వాద్యగాళ్లతో ముందు లయలు, బాణీలు రికార్డు చేసుకున్నాడు. ఆ టేపులు ఇంటికి తెచ్చుకుని, వింటూ, తర్వాత మాటలు రాశాడు. అంటే మన మద్రాసు పద్ధతే! సంగీత దర్శకుడు తననా తానా అని హార్మోనియం మీద ఇచ్చిన బాణీకి కవి మాటలు పొదగడం. అప్పటి మా నెల్లూరు జిల్లా సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టిన ఆత్రేయ జీవితమంతా చేసిన పని అది. ఆత్రేయ రాసి ప్రేక్షకులను, రాయక నిర్మాతలను ఏడిపిస్తాడని పరిశ్రమలో ఒక మాట ఉండేది. ఒక్క చరణం కోసం రోజుల తరబడి హోటలు గదిలో ఆయన కూచుంటే నిర్మాతకు గది అద్దె పెరిగేది. సైమన్ కూడా అంతే నిదానం. ఒక్కో ఆల్బానికి నాలుగైదేళ్లు తీసుకున్న రోజులున్నాయి.

పద్ధతి ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది? బాణీకి రాసిన ఆత్రేయ అక్కడితో లేచి వెళ్లిపోవాలి. ఆ పాటను పదేళ్ల తర్వాత, ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ నోటికెత్తుకుని, ఈ మాట ఇప్పుడు నాకు నిజమేనా అని పరీక్షించుకునే అవకాశం ఆయనకు లేదు. 1989లో ఆత్రేయ పోయేనాటికి ఆయన పాటలు వెయ్యికి పైగా జనం నోళ్లలో ఉన్నాయి. ఆయన గొంతులో ఒక్కటీ లేదు. మనసు గురించి అంత రాసిన మనిషి, అరవై దాటాక ఒక గదిలో ఒంటరిగా కూచుని తన మనసు గురించి తనే పాడుకుంటే ఎలా ఉండేది? గొంతు బాగుండకపోవచ్చు. నాకు అది కావాలి.

‘గ్రేస్‌ల్యాండ్’ మీద ఉన్న మచ్చలు కూడా చెప్పాలి, లేకపోతే ఈయన్ని దేవుణ్ణి చేసినట్టవుతుంది. వర్ణవివక్ష ప్రభుత్వం మీద ఐక్యరాజ్యసమితి సాంస్కృతిక బహిష్కరణ అమల్లో ఉండగా ఆయన దక్షిణాఫ్రికా వెళ్లాడు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ తప్పుబట్టింది. వాద్యగాళ్లకు న్యూయార్క్ యూనియన్ రేటుకు మూడు రెట్లు ఇచ్చాననీ, చాలామందికి రచనలో పేరు కూడా ఇచ్చాననీ ఆయన వాదన. జోసెఫ్ షబలాలా నడిపిన లేడీస్మిత్ బ్లాక్ మాంబాజో బృందం ఆ తర్వాతే ప్రపంచమంతా తిరిగింది, అదీ నిజమే. అదే ఆల్బం చివరి పాటలో తమ సంగీతానికి పేరు దక్కలేదని అమెరికన్ బృందం లాస్ లోబోస్ ఇప్పటికీ మండిపడుతుంది. సోలో అనే పదాన్ని ఆల్బం అట్ట మీద చూసినప్పుడల్లా నాకు ఇవన్నీ గుర్తొస్తాయి. ఏ సోలో వెనకైనా ఓ ఊరంత జనం ఉంటారు.

‘సెవెన్ సామ్స్’లో ఆ జనం దాదాపు లేరు. 2019 జనవరి 15న ఆయనకు ఒక కల వచ్చింది, నువ్వు ‘సెవెన్ సామ్స్’ అనే రచన చేస్తున్నావని కల చెప్పింది. లేచి కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. అప్పటికి యాత్ర ముగించుకుని పాటలు చాలించుకున్న మనిషి. యూదు కుటుంబంలో పుట్టినా భక్తుడేమీ కాదు. కొన్నాళ్లకు వారంలో రెండు మూడు సార్లు వేకువన మూడున్నరకూ అయిదుకూ మధ్య మెలకువ రావడం, మాటలు తోచడం మొదలైంది. అప్పటికప్పుడు రాసుకునేవాడు. మా వైపు ఆ వేళకు చర్చి మైకు, గుడి మైకు, మసీదు మైకు ఒకదాని వెంట ఒకటి అందుకుంటాయి కాబట్టి మెలకువ రావడానికి కలలు అక్కర్లేదు. అయినా ఆ వేళకు ఒంటరిగా మేలుకున్న ముసలివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లు ఏం ఆలోచిస్తుంటారో ఈ ఆల్బంలో ఉంది.

మొదటి పాటలో దేవుడు నా ఇంజినీరు అంటాడు, నేను సవారీ చేసే నేల అంటాడు. ఇక్కడిదాకా ఏ భజనలోనైనా వినేదే. అక్కడితో ఆగడు. కోవిడ్ వైరస్ కూడా దేవుడే, పొంగుతున్న సముద్రమూ దేవుడే అంటాడు. ఇది మాత్రం ఏ పాస్టరు గారూ, ఏ భజన గురువు గారూ మైకులో అనరు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా రేవుల్లో పడవలు పైకి లాక్కునే మా తీరం వాళ్లకు ఇందులో కొత్త ఏమీ లేదు, గంగమ్మకు మొక్కేదీ వాళ్లే, ఆమెను తిట్టేదీ వాళ్లే.

అంతా ఇంత బరువు అనుకోకండి. ‘మై ప్రొఫెషనల్ ఒపీనియన్’ అని ఒక వెటకారపు పాట ఉంది. రెండు ఆవులు మాట్లాడుకుంటుంటే ఒకటి రెండోదాన్ని తిడుతుంది. నిపుణుడిగా నా అభిప్రాయం ఏమిటంటే, దేశంలోని ఆవులన్నీ దీనికి బాధ్యత వహించాలి అని తేల్చేస్తాడు. ఏ టీవీ చర్చ పెట్టినా ఈ నిపుణుడు కనిపిస్తాడు. ఒంగోలువాడిగా మాత్రం నా తీవ్ర అభ్యంతరం తెలియజేస్తున్నాను, మా గిత్తల జోలికి రావద్దు.

‘ట్రెయిల్ ఆఫ్ వోల్కనోస్’లో వయసులో ఉన్నప్పుడు గిటారు భుజాన వేసుకుని సముద్రాలు దాటి తిరిగిన దారులను తలుచుకుంటాడు. ఆ దారులన్నీ ఇప్పుడు అగ్నిపర్వతాల బాట, అక్కడినుంచి ఎగజిమ్మేది శరణార్థులు. తను పేరూ డబ్బూ సంపాదించుకున్న ప్రయాణాలను ఎనభై ఏళ్లు దాటాక ఇలా చూడటం, ‘గ్రేస్‌ల్యాండ్’ మీద ఆయనతో తగవుపడ్డ వాళ్లకు కాస్త ఆలస్యంగా అందిన జవాబేమో అని నాకనిపిస్తుంది. ఆయన అలా చెప్పలేదు, ఇది నా ఊహే.

ఇక ఆఖరి పాట ‘వెయిట్’. ఆగు, నేనింకా తయారవలేదు, సామాను సర్దుకుంటున్నాను అంటాడు. చెయ్యి నిలకడగానే ఉంది, బుర్ర పనిచేస్తోంది అంటాడు. ఎవరితో అంటున్నాడో చెప్పక్కర్లేదు. భార్య ఈడీ బ్రికెల్ గొంతు వచ్చి కలుస్తుంది, స్వర్గం అందంగా ఉంటుంది, ఇంచుమించు మన ఇల్లులాగే అంటుంది. ఇద్దరూ కలిసి ఆమెన్ అనేసరికి ఆల్బం అయిపోతుంది.

ఇది వింటున్నప్పుడు నాకు త్యాగరాజు ‘గిరిపై నెలకొన్న’ గుర్తుకు రాకుండా ఉండదు. సహాన రాగం, చివరి రోజుల్లో చేసిన కీర్తనగా చెబుతారు. కొండ మీద కొలువున్న రాముణ్ణి గురి తప్పకుండా చూశాను, ఒళ్లు పులకరించి, ఆనందబాష్పాలతో మాటలాడబోయి తడబడుతుంటే, పది పూటల తర్వాత కాపాడతానన్నాడు, అని పాడుకున్నాడు. 1847 జనవరిలో పోయేనాటికి ఆయనకు డెబ్బై తొమ్మిది. త్యాగరాజు పూర్వీకులది కంభం దగ్గర కాకర్ల అని మా వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, ఆ ఇంటిపేరే సాక్ష్యమంటారు. ఒకాయనకు తేదీ తెలిసింది, ఆనందపడ్డాడు. ఇంకొకాయనకు తేదీ దగ్గరపడిందని తెలిసింది, కాస్త ఆగమంటున్నాడు. విశ్వాసం ఉన్న ముసలివాడు, విశ్వాసం సరిగా కుదరని ముసలివాడు. నాకు వీళ్లిద్దరూ కావాలి. వీళ్లకు బదులు వేరే ఎవరో రాసి, వేరే ఎవరో పాడితే ఆ పది పూటలకు గానీ, ఆ ‘ఆగు’కు గానీ విలువేముంది?

ఈ పని మనకు చేతకానిదేమీ కాదు. తాళ్లపాక అన్నమయ్య 1424లో, పదహారో ఏట, సంకీర్తనలు మొదలుపెట్టి 1503లో పోయేదాకా చేశాడని రాగిరేకులు చెబుతున్నాయి. దాదాపు ఎనభై ఏళ్ల పాట! మన కచేరీల్లో, టీవీ పోటీల్లో ఏది ఏ వయసులో చేసింది అన్న ఆరా ఎప్పుడైనా విన్నారా? శృంగార కీర్తనా, అధ్యాత్మ కీర్తనా అని రెండు గంపల్లో వేసి వదిలేశాం. నిన్నమొన్నటి మనిషి బాలాంత్రపు రజనీకాంతరావు తనే రాశారు, బాణీ కట్టారు, పాడారు, పైగా ఆంధ్ర వాగ్గేయకారుల చరిత్ర కూడా రాశారు. తొంబై ఎనిమిదేళ్లు బతికి 2018లో పోయారు. ఆయన్ని ఆకాశవాణి అధికారిగా గుర్తుపెట్టుకున్నవాళ్లే ఎక్కువ.

గద్దర్ లేడా, వంగపండు లేడా అని అడుగుతారు. ఉండేవారు, ఇద్దరూ ఇప్పుడు లేరు. ఒంట్లో తూటాతో ఆడి పాడిన గద్దర్‌కు వయసు కనపడలేదని ఎవరంటారు? గోరటి వెంకన్న పుస్తకానికి 2021 సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. ఆ దారి గొప్పది. అయితే ఆ పాటల్లో ఎక్కువ వాటా మనం అనే గొంతుది. ఎదుట వెయ్యిమంది ఉండాలి, చేతిలో కర్ర ఉండాలి, కాలికి గజ్జె ఉండాలి. వేకువన మూడున్నరకు ఒక్కడే లేచి కూచున్నవాడి పాట దానికి పక్కన ఇంకొకటి, ఆ చోటు ఖాళీగా ఉంది.

నిజానికి మా జిల్లాల్లో సొంతంగా రాసి, బాణీ కట్టి, పాడి, ఖర్చు పెట్టుకుని రికార్డు చేసే పద్ధతి అచ్చంగా బతికున్నది చర్చిల్లో. మన సాహిత్య సభలవాళ్లు దాన్ని లెక్కలోకే తీసుకోరు. 1878 జూలైలో గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మందికి అమెరికన్ మిషనరీ క్లాఫ్ దొర బాప్తిస్మాలు ఇప్పించిన ప్రాంతం ఇది. పురుషోత్తమ చౌదరి రాగతాళాలతో రాసిన క్రైస్తవ కీర్తనలు ముసలమ్మల నోట ఇప్పటికీ వింటాం. నా చిన్నప్పుడు ప్రతి మండలంలో ఒక పాస్టరు గారి క్యాసెట్ ఉండేది, ఇప్పుడు ప్రతి పాస్టరు గారికీ ఒక యూట్యూబ్ చానల్ ఉంది. అందులో చాలా పాటలు సినిమా బాణీల నకళ్లే, దాచడమెందుకు. కానీ కీబోర్డు ముందు కళ్లు మూసుకుని, జబ్బుపడి లేచిన కథ తనే రాసి, వణుకుతున్న గొంతుతో తనే పాడిన పెద్దాయన పాటలు కూడా అక్కడే దొరుకుతాయి. దావీదు కీర్తనలు చదివి పాట కట్టడం సైమన్‌కు కల వస్తే గానీ తోచలేదు, వీళ్లకు అది ఆదివారం పని.

ఇంకో చోటు ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో, చదువు కేంద్రాలకు పోయిన ఆడవాళ్లు పాత బాణీల్లో కొత్త మాటలు పెట్టి పాడారు. ఉదయగిరి వైపు మా బంధువుల ఊళ్లో ఒక పెద్దమ్మ అప్పట్లో తాగుబోతు మొగుడి మీద పాట కట్టింది. ఆ పాట ఊరేగింపుల్లో పాడితే మగవాళ్లు తలలు వంచుకునేవాళ్లట. మొగుడు పోయి చాలా ఏళ్లయింది. ఈమధ్య పెళ్లిలో కనిపిస్తే అడిగి పాడించుకున్నాను. పల్లవి అదే. చరణాలు మారిపోయినాయి. సారా కొట్టు పోయింది, పెనం ఎదుట కూచుని రెండో రొట్టె ఎవరికని అడిగే చరణం వచ్చింది. ఎప్పుడు మార్చావు పెద్దమ్మా అంటే, “అప్పుడు కోపంతో కట్టినాను నాయనా, ఇప్పుడా కోపం యాడుంది?” అంది. సైమన్ ‘బ్రిడ్జ్’ పాటకు చేసింది కూడా ఇంతే. ఆయన చేస్తే పత్రికలన్నీ రాశాయి.

నా మిత్రుడితో ఈ వాదన ఇంకా తెగలేదు. వాడిది తోసెయ్యదగ్గ మాట కాదు. “ముసలోళ్లు పాడితే వినాలని రూలేముంది? బాగుంటే వింటాం” అంటాడు. నిజమే, వయసు మీద జాలితో వినే పాట ఎవరికీ అక్కర్లేదు. ఎనభై ఏళ్లవాళ్ల ఆల్బముల్లో నీరసమైనవి బోలెడున్నాయి, పాత హిట్లను మళ్లీ పాడి అమ్ముకునేవి అంతకంటే ఎక్కువ. కెనడా కవి, గాయకుడు లెనార్డ్ కోయెన్ 2016 అక్టోబరులో, బతికుండగా తన ఆఖరి ఆల్బం ఇచ్చి నవంబరు 7న పోయాడు. చావు అంత దగ్గరగా ఉండబట్టి గొప్పదయిందా, పాట గొప్పదా అని ఆ ఆల్బం విషయంలో నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు, పాటే గొప్పది. సైమన్ ఆల్బం విషయంలో అనుమానం వచ్చింది. ఇందులో బాణీలు పలచన. విన్నాక కూనిరాగం తీద్దామంటే నోటికి ఏదీ అంటదు. వోసెస్8 బృందగానం రెండు మూడు చోట్ల అవసరం లేని పవిత్రత తెచ్చిపెట్టింది. ఆవుల పాట తర్వాత వచ్చే ‘యువర్ ఫర్‌గివ్‌నెస్’ మాత్రం ఆయన మొత్తం రచనల్లో మొదటి వరసలో నిలుస్తుందని నా లెక్క. క్షమాపణ అడిగే పాటలు ఎన్నో విన్నాం. క్షమిస్తారో లేదో, అసలు క్షమించేవాళ్లు ఉన్నారో లేదో తెలియకుండా అడగడం ఇందులో ఉంది, గిటారు కూడా అదే అనుమానంతో నడుస్తుంది.

ఈ ఆల్బం పని నడుస్తుండగా ఆయనకు ఎడమ చెవి వినికిడి చాలావరకు పోయింది. ఇక వేదిక ఎక్కడేమో అనుకున్నారు. వేదిక మీద తన గొంతు తనకు వినపడేలా స్పీకర్లు కొత్తగా అమర్చుకుని 2025 ఏప్రిల్‌లో మళ్లీ బయల్దేరాడు. మొదటి సగం ‘సెవెన్ సామ్స్’ మొత్తం, ఆ తర్వాతే జనం కోరుకునే పాతవి. టికెట్టు కొన్నవాళ్లలో సగం మంది పాత పాటల కోసమే వచ్చి ఉంటారు. వాళ్లను ముందు ఈ 33 నిమిషాలు కూచోబెట్టడంలో ఒక మొండితనం ఉంది, అది నాకు నచ్చింది.

మన దగ్గర దీనికి డబ్బు ఎవరు పెడతారన్నది మిగిలిన ప్రశ్న. సినిమా ఆడియో కంపెనీలు పెట్టవు, పెట్టమని అడగను కూడా. ఎన్నికలొస్తే పార్టీ పాటలు, మామూలు రోజుల్లో పెళ్లిపాటలు, చర్చి పాటలు రికార్డు చేసే చిన్న చిన్న గదులు మా ఊళ్లలో ఉన్నాయి. ఒక మంచి మైకు, ఫ్యాను ఆపితే నిశ్శబ్దంగా ఉండే గది చాలు. బాణీ కట్టగల రిటైరయిన సంగీతం టీచర్లున్నారు, రాయగల కవులున్నారు, డెబ్బై దాటిన రంగస్థల నటులున్నారు. పద్యం అందుకుంటే పక్క వీధికి వినిపించే గొంతులు వాళ్లవి, ఇప్పుడు సన్నబడ్డాయని సిగ్గుపడి ఊరుకుంటున్నారు. ఆ సన్నబడ్డ గొంతే కావాలని అడిగేవాళ్లు లేరు. అడగడం మొదలుపెడదామని నేనూ, మా బడిమిత్రులు ఇద్దరూ అనుకున్నాం, ముందు పెద్దమ్మ పాటతో. ఆర్కెస్ట్రా ఎక్కించవద్దన్నది నా షరతు. డప్పు ఉండాల్సిందేనని ఒకడు పట్టుబడుతున్నాడు.

‘సెవెన్ సామ్స్’ వినాలనిపించినవాళ్లు దాంతో మొదలుపెట్టకండి. ముందు 1975 ఆల్బం, తర్వాత ‘గ్రేస్‌ల్యాండ్’, ఆ తర్వాత ఎవరూ కొనని ‘హార్ట్స్ అండ్ బోన్స్’ వినండి. ముప్పై మూడేళ్ల మనిషి, నలభై దాటిన మనిషి ఎలా పాడేవాడో చెవికి తెలిశాక దీనికి రండి. ఇయర్‌ఫోన్లు తప్పనిసరి, ఫోను స్పీకరులో సగం మాటలు వినపడవు. ఇంగ్లీషు పాటల సాహిత్యం నెట్‌లో దొరుకుతుంది, రెండోసారి విన్నప్పుడు ఎదురుగా పెట్టుకోండి, మొదటిసారి వద్దు.